శేషాచలం అడవిలో చెట్లు చూస్తూ నడవాలంటే ఎటు పోవాలి? (తలకోన జలపాతం కాకుండా)

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్కారం. పుట్టి పెరిగింది తిరుపతిలోనే. మిద్దె ఎక్కితే కొండ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, అయినా దాని మీద ఏమేం చెట్లున్నాయని ఎవరైనా అడిగితే ఎర్రచందనం అని ఒక్క మాట చెప్పి ఆగిపోతాను. ఆ ఎర్రచందనం కూడా పేపర్లో పట్టుబడిన దుంగల ఫొటోలు చూడ్డమే గానీ ఆకు ఎట్లుంటుందో తెలీదు. పోయిన నెల బెంగళూరు నుంచి వచ్చిన మా ఆఫీసు ఆయన ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూస్తూ ఆ చెట్టేంటి ఈ చెట్టేంటి అని అడుగుతుంటే నా దగ్గర జవాబే లేదు.

ఇప్పుడు ఆదివారాలు ఖాళీ. జలపాతం కింద స్నానం చేసి, బిర్యానీ తిని, రీల్స్ తీసుకుని వచ్చే రకం ట్రిప్పులు వద్దు. జనం పెద్దగా పట్టించుకోని అడవిలో మెల్లగా నడిచి చెట్లూ తీగలూ చూడాలి. ఫ్రెండ్స్‌ని అడిగితే "ఆ కంపల్లో ఏముందిరా, చూడాలంటే కేరళ పో" అంటున్నారు. నిజంగా అంతేనా? ఎటు పోతే ఇబ్బంది లేకుండా నడవచ్చు, ఏ నెలలో పోవాలి, బోటనీ చదవనోడు చెట్టును గుర్తుపట్టేదెట్లా? చిరుతల సంగతి కూడా చెప్పండి, ఇంట్లో అమ్మకి అదొక్కటే టెన్షన్.

—

మొగిపండు:

తమ్ముడూ, కేరళ పొమ్మన్న మీ ఫ్రెండ్స్‌కి ఒక మాట చెప్పు. కేరళ మొత్తం తిరిగినా అడవిలో దానంతట అది మొలిచిన ఎర్రచందనం కనిపించదు. ఆ చెట్టు సొంత ఊరు మన తూర్పు కనుమల దక్షిణపు కొసే: చిత్తూరు, కడప, నెల్లూరు, ఆ పైన కాస్త కర్నూలు, ప్రకాశం. ఎండకి మాడే రాతి నేల, పలచటి మట్టి, ఏడాదిలో చాలా నెలలు చుక్క వాన లేకపోవడం, వీటన్నిటికీ అలవాటుపడిన చెట్లు ఇక్కడ ఉన్నాయి, వాటిలో కొన్ని ఇంకెక్కడా లేవు. కంప అంటున్నారే, ఆ కంపే అసలు సరుకు.

ఎటు పోవాలన్నదానికి నా జవాబు నీకు నచ్చకపోవచ్చు. ఎటూ పోబాకు, శ్రీవారి మెట్టు ఎక్కు. శ్రీనివాస మంగాపురం దాటి అవతల మొదలయ్యే దారే. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం. మొక్కు ఉన్నోళ్లు గంటా గంటన్నరలో ఎక్కేస్తారు, నువ్వు నాలుగు గంటలు పెట్టుకో. దారి రెండు పక్కలా అడవే, గీత దాటి లోపలికి అడుగు పెట్టాల్సిన పనే లేదు, పర్మిషన్ తలనొప్పి లేదు. రోజూ వేల మంది నడిచే దారి కదా, ఇది జనం ఎరగని అడవి ఎట్లయింది అంటావేమో. ఆ వేల మందిలో తల పక్కకి తిప్పి చెట్టు చూసేవాళ్లు ఎంతమందో ఒకసారి గమనించు, నీకే తెలుస్తుంది.

కింద మొదట్లో పొట్టి పొదలు, ముళ్లు. బలుసు, కలివి, చండ్ర, రేగు, బండల మీద పాకే నల్లేరు. బిల్లుడు చెట్టు కూడా ఉంటుంది, ఆకులు సన్నగా ఈకల మాదిరి రెండు వరసల్లో ఉంటాయి, నలిపితే ఘాటు వాసన. కొంచెం ఎక్కగానే ఎర్రచందనం మొదలవుతుంది. గుర్తుపట్టడం చాలా సులువు. బెరడు నల్లగా, మొసలి వీపులాగా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు, గుండ్రంగా మందంగా, కొన దగ్గర కొంచెం లోపలికి నొక్కినట్టు. అరుదుగా అయిదు ఆకులుంటాయి. దీనికి దగ్గరి చుట్టం వేగిస, కషాయాలకి వాడే చెట్టు. దానికి అయిదు నుంచి ఏడు ఆకులు. కాయలు రెండిటికీ గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో ఉంటాయి, గాలికి ఎగిరి దూరం పోవడానికి. కింద రాలిన కాయ దొరికితే అరచేతిలో పెట్టుకుని చూడు, జేబులో వేసుకోబాకు. చెట్టు నిలబడి ఉన్నప్పుడు ఎరుపు ఏమాత్రం కనిపించదు. ఆ రంగంతా లోపలి చేవలో ఉంటుంది, అంత చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే నరికిన చోట మొక్క నాటితే లెక్క సరిపోయిందని అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకా పైకి పోతే కొండ సాంబ్రాణి. ఈ జాతి చెట్టు మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలకే పరిమితం. శాస్త్రవేత్తలు దీన్ని వేరే జాతిగా గుర్తించి పేరు పెట్టింది కూడా 1960ల మొదట్లోనే, అంటే మన తాతల కాలంలో. బెరడు పలచటి పొరలుగా ఊడుతుంటుంది. ఎండాకాలం ఆకు మొత్తం రాల్చేసి, మోడు మీదే పూస్తుంది. గాటు పెడితే వచ్చే బంకే సాంబ్రాణి, కాకపోతే ఆ గాట్లు ఎక్కువైతే చెట్టు ఎండిపోతుంది. దాని పక్కనే జాలారి, తెల్ల కరక, మా పేరు పెట్టుకున్న మొగి. మొగి నేరేడు జాతిదే, ఇది కూడా ఈ కొండల సొత్తే. కాయలు మే, జూన్‌లో పండుతాయి. కోతులు, పక్షులు మిగిల్చితే మనకి, అంతేగానీ కొమ్మలు వంచి కోయడం మాత్రం వద్దు.

చెట్టు గుర్తుపట్టడానికి యాప్‌లు ఉన్నాయి, ఐనాచురలిస్ట్ లాంటివి. ఒక్క ఆకు ఫొటో పెడితే అది కూడా తికమక పడుతుంది. ఆకు పైభాగం, అడుగుభాగం, బెరడు, పువ్వో కాయో ఉంటే అదీ, చెట్టు మొత్తం ఆకారం, ఇన్నీ తియ్యి. ఒక ఆదివారానికి అయిదు చెట్లు చాలు. అదే దారి మళ్లీ మళ్లీ ఎక్కు. సెప్టెంబర్‌లో చూసిన చెట్టే మార్చిలో వేరే చెట్టనిపిస్తుంది.

—

భాకరాపేట బండోడు:

అక్క చెప్పింది బాగుంది కానీ మెట్ల మీద గోవిందనామాలు వింటూ చెట్లు చూడ్డం నావల్ల కాదు సామీ. అడవి అంటే కొంచెం నిశ్శబ్దం ఉండాల.

ముందు రూల్స్ తెలుసుకో బ్రదర్. శేషాచలంలో చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్. అందులో 353 చదరపు కిలోమీటర్లు 1989 నుంచి శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్. 2010లో మొత్తం కొండల వరసని బయోస్ఫియర్ రిజర్వ్ చేశారు, 4,755 చదరపు కిలోమీటర్ల పైనే. కల్యాణి డ్యాం పక్కన బండి ఆపి దారి కనిపించింది కదా అని లోపలికి పోతే అది ట్రెక్కింగ్ కాదు, కేసు. పైగా ఇక్కడ ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంటుంది. చీకటి పడ్డాక బ్యాగ్ తగిలించుకుని అడవిలోంచి బయటికి వచ్చేవాణ్ణి చూస్తే వాళ్లకి మొదట వచ్చే అనుమానం ఏంటో నేను చెప్పక్కర్లేదు. బోటనీ చూడ్డానికి పోయినా సార్ అంటే నవ్వుతారు, వదిలేస్తారన్న గ్యారంటీ లేదు.

దర్జాగా పోవాలంటే మామండూరు పో. కడప రోడ్డులో, అటవీ శాఖ వాళ్ల పాత బంగ్లా, వాగు ఉన్న చోటు. అక్కడ అడిగి, టికెట్టో ఫీజో ఏదుంటే అది కట్టి, వాళ్లు చూపించిన దారిలో వాచర్‌ని వెంటబెట్టుకుని నడువు. వాచర్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల వాళ్లే, యానాది కుటుంబాల వాళ్లు దొరికితే నీ అదృష్టం. నీ ఫోన్ చెప్పలేని సంగతి వాళ్లు ఆకు వాసన చూసి చెప్తారు. వాళ్లతో పోయినప్పుడు ప్రశ్నలు తగ్గించు, వాళ్లు ఆగిన చోట ఆగు. ఇచ్చే డబ్బులు మాత్రం తగ్గించబాకు.

ఇంకో మాట. అందరూ తలకోనని తిట్టడం ఫ్యాషన్ అయింది. జలపాతం దగ్గర ఆదివారం మధ్యాహ్నం సంతే, నేనూ ఒప్పుకుంటా. కానీ మామూలు రోజు పొద్దున్నే పోయి చూడు. కొండంతా ఎండిపోయి ఉన్నా ఆ లోయలో తేమ ఉంటుంది. ఎత్తు చెట్లు, బండల మీద ఫెర్న్‌లు, తెల్లమద్దులు, వాటన్నిటినీ చుట్టుకుని గిల్లతీగ. తీగ అంటే చిటికెన వేలంత అనుకునేరు, మనిషి నడుమంత లావున్నవి ఉన్నాయి. ఒక చెట్టు ఎక్కి, అక్కణ్ణుంచి ఇంకో చెట్టుకి పాకి, మొదలు యాడుందో కొస యాడుందో తేలదు. కాయ మీటరు పొడవు, గింజ అరచేతిలో పట్టేంత. జనం 270 అడుగుల నీళ్లని చూస్తా తల పైకెత్తుతారు గానీ పక్కనే ఉన్న దీన్ని పట్టుకుని ఊగి ఫొటో దిగుతారు. ఊగొద్దు.

—

పాత బీటు:

అటవీ శాఖలో కింది స్థాయిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బాబూ, చిరుత గురించి అడిగావు కాబట్టి ముందు అది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నపిల్ల ప్రాణం పోయింది, అందరికీ తెలిసిందే. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్లకి టైం పెట్టారు, చేతి కర్రలు ఇచ్చారు. పగటిపూట నలుగురు కలిసి మాట్లాడుకుంటూ నడిచే పెద్దవాళ్ల జోలికి మామూలుగా అది రాదు, దూరంగా తప్పుకుంటుంది. తెల్లవారుజామున, సంధ్యవేళ నడక పెట్టుకోవద్దు. వంగి కూర్చున్న మనిషి దానికి చిన్న జంతువుగా కనిపిస్తాడు, కాబట్టి ఒంటరిగా పొద పక్కన కూర్చుని మొక్కల ఫొటోలు తీయడం మంచిది కాదు. ఒకరు ఫొటో తీస్తుంటే ఇంకొకరు నిలబడి చుట్టూ చూడాలి. మీ అమ్మగారితో ఇంతే చెప్పు, చిరుత సంగతి నాకు వదిలెయ్యమను.

నిజానికి నేను చిరుత కంటే ఎక్కువ భయపడేది తేనెటీగలకి. లోయల్లో బండ అంచులకి పెద్ద పెద్ద పట్టులు వేలాడుతుంటాయి. సెంటు కొట్టుకుని రావద్దు, పొగ పెట్టొద్దు, కేకలు వేయొద్దు. రాలిన ఆకుల్లో రక్తపింజర పడుకుని ఉంటే ఎదురుగా ఉన్నా కనపడదు, చీలమండ దాటే బూట్లు వేసుకో, చెయ్యి పెట్టే ముందు బండ వెనక చూడు. వానలయ్యాక గడ్డిలో పిడుదులు పట్టుకుంటాయి, ఇంటికొచ్చాక బట్టలు వేడినీళ్లలో వెయ్యి.

చలికాలంలో దూలగొండి కాయలు ఎండి ఉంటాయి, వాటి నూగు గాలికి తగిలినా ఒళ్లంతా దురద. అడవినాభి పువ్వు వానాకాలంలో ఎర్రగా పచ్చగా ఎంతో అందంగా ఉంటుంది, దాని దుంప తింటే మనిషి మిగలడు. చిల్లగింజ, ముష్టి ఒకే జాతి చెట్లు. చిల్లగింజని కుండలోపల అరగదీసి బురదనీళ్లు తేర్చుకునేవాళ్లం, ముష్టి గింజ మాత్రం విషం. పేరు తెలిసింది కదా అని ఏదీ నోట్లో పెట్టొద్దు.

మొగిపండు మేడం గారు ఒక మొక్క వదిలేశారు, తెలిసే వదిలేశారేమో. పెరిత. పైపైన చూస్తే పొట్టి ఈతచెట్టు అనుకుని దాటిపోతారు. ఈతకి దీనికి ఏ సంబంధమూ లేదు, డైనోసార్ల కాలం నుంచి వస్తున్న సైకస్ జాతి. పువ్వులు పూయదు, మగ చెట్టుకి కంకి, ఆడ చెట్టుకి గింజలు వేరుగా వస్తాయి. కొండ మీద గడ్డి తగలబడినా దీని మొండెం చావదు, మళ్లీ పైన లేత ఆకుల కిరీటం వేస్తుంది. మంటని తట్టుకున్న మొక్క మనిషిని తట్టుకోలేకపోతోంది. మగ కంకిని మందుకని కోసుకుపోతారు, కంకులు పోతే ఆడ చెట్టుకి గింజ కట్టదు, కొత్త మొక్క రాదు. వన్యప్రాణి చట్టంలో ప్రత్యేకంగా రక్షణ ఉన్న అతి కొద్ది మొక్కల్లో ఇదొకటి, విదేశీ వ్యాపారం మీద కూడా పూర్తి నిషేధం. దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో ఉన్న బెడ్డోమ్, మద్రాసు అటవీ శాఖకి 1860 నుంచి ఇరవై ఏళ్లకి పైగా అధిపతిగా ఉన్న దొర. మన కొండల్లోని బంగారు బల్లిని 1870లో మొదట లోకానికి వివరించిందీ ఆయనే. వాగుల పక్కన రాతి నెరియల్లో నీడ ఉన్న చోట చూస్తే ఆ బల్లి ఇప్పటికీ కనిపిస్తుంది, మగవి పసుపు రంగులో మెరుస్తుంటాయి.

ఇలాంటి మొక్క కనిపిస్తే ఫొటో తీసుకో, కానీ ఫలానా చోట ఉందని గ్రూపుల్లో లొకేషన్ పెట్టొద్దు. నన్నారి కోసం తవ్వే మారెడు గడ్డలకి పట్టిన గతి చూశాం కదా. ఎండాకాలం వస్తే నన్నారి షర్బత్ అందరికీ కావాలి. దానికోసం వేరు మొత్తం తవ్వేస్తే తీగ మళ్లీ లేవదు.

—

కొర్లగుంట కుర్రోడు:

ఇన్ని సంగతులు చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. పాత బీటు సార్, మీ చిరుత పేరా అమ్మకి చదివి వినిపించాను, కాస్త మెత్తబడింది గానీ ఇప్పుడు తేనెటీగలు పట్టుకుంది.

ఒక డౌట్. ఏ నెల అన్నదానికి మీలో ఎవరూ తిన్నగా చెప్పలేదు. ఇంకొకటి, మెట్ల దారి కాకుండా పెద్ద కోనలోకి మామూలు మనిషి పోయే వీలు అసలు ఉందా?

—

తుంబురు దారి:

ఉంది. ఏడాదిలో కొన్ని రోజులు అడవి తలుపు వాళ్లే తెరుస్తారు, మనకి పట్టదు అంతే. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి. ఆ రోజుల్లో దేవస్థానం వాళ్లే దారి పొడవునా మనుషుల్ని పెడతారు, నీళ్లు, అన్నప్రసాదం ఇస్తారు. పాపవినాశనం వైపు నుంచి నడక. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లని రావొద్దంటారు, ఆ మాట తీసిపారెయ్యొద్దు, బండల మీద ఎక్కి దిగే చోట్లు ఉంటాయి.

నెల గురించి నా అభిప్రాయం అందరిదానికీ తేడా. మనకి పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబర్ నుంచి డిసెంబర్. కాబట్టి పచ్చదనం కావాలంటే నవంబర్, జనవరి మధ్య పొమ్మని చెప్తారు. నేను మార్చి అంటాను. అడవంతా ఆకు రాల్చి మోడుగా నిలబడి ఉంటుంది, అప్పుడే కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుపు పచ్చటి పెద్ద పూలు పూస్తుంది, కింద లోయలో మోదుగ ఎర్రగా మండుతుంటుంది. తపసి చెట్టు తెల్లటి బోదె ఎండలో నున్నగా మెరిసేది కూడా ఆకు లేనప్పుడే బాగా తెలుస్తుంది. చెట్టు ఎముకలు చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఆకులొచ్చాక ఇంకా సులువు. ఫాల్గుణ పౌర్ణమి సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. చుట్టూ కొండ ఎండిపోయి ఉంటే తుంబురు కోనలో మాత్రం రెండు నిటారు గోడల మధ్య నీళ్లుంటాయి, ఆ తేడా నడుస్తుండగానే ఒంటికి తెలుస్తుంది.

—

మొగిపండు:

మార్చి మాట నిజమే కానీ ముక్కోటి రోజున వేల మంది వెనక నడుస్తూ చెట్టు దగ్గర ఆగితే వెనకవాళ్లు తోస్తారు. దాన్ని కోన చూసే రోజుగా పెట్టుకో, చెట్లు నేర్చుకునే రోజుగా కాదు.

పెరిత గురించి సార్ అన్నది నిజమే, తెలిసే వదిలేశాను. ఇంకో సంగతి, ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతుల లొకేషన్‌ని వాళ్లే మసక చేసి చూపిస్తారు, కాబట్టి అందులో పెట్టడానికి భయం లేదు. వాట్సాప్‌లో ఒరిజినల్ ఫైలు పంపితేనే లొకేషన్ దాంతోపాటు పోతుంది, అది ఆపెయ్.

తిరుమల పైకి చేరాక గదులూ క్యూలైన్ల చుట్టూ కనిపించే దట్టమైన పచ్చదనం చూసి ఇదే అసలు అడవి అనుకోబాకు. అందులో చాలావరకు ఒకప్పుడు నాటిన ఆస్ట్రేలియా తుమ్మ, కింద ఇంకేదీ పెద్దగా మొలవదు. శిలాతోరణం వైపు నడిస్తే మళ్లీ మన పొదలు, మన చెట్లు మొదలవుతాయి. దారిలో బండల్ని కూడా చూడు, ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ అనే ఇంకో రకం గట్టి బండ అతికినట్టు కనిపిస్తుంది, ఆ రెండిటి మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని జియాలజీ వాళ్లు బోర్డు కూడా పెట్టారు. పైన ఆ క్వార్ట్‌జైట్ మీద మట్టి జానెడు కూడా ఉండదు, అందుకే అక్కడి చెట్లు పొట్టిగా గిడసబారి ఉంటాయి, ముసలివైనా మన భుజం దాటవు కొన్ని.

—

భాకరాపేట బండోడు:

మామండూరు పోయేటట్లయితే సోమవారం నుంచి శుక్రవారం లోపు ఒకసారి తిరుపతిలో అటవీ శాఖ ఆఫీసులో కనుక్కుని పో. ఎండాకాలం మంటల భయం ఉన్నప్పుడు, వాగు పొంగినప్పుడు ఎవరినీ వదలరు, అంత దూరం పోయి గేటు దగ్గర నిలబడి వాదించి లాభం లేదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ప్లాస్టిక్ ఏదీ లోపల వదిలేది లేదు. అగ్గిపెట్టె, సిగరెట్టు ఇంట్లో పెట్టి రా.

—

కొర్లగుంట కుర్రోడు:

సరే అన్నా. ఈ ఆదివారం పొద్దున ఏడింటికి శ్రీవారి మెట్టు, నేనూ మా చెల్లెలూ. అయిదు చెట్లు, అక్క చెప్పినట్టు ఆకు అడుగుభాగంతో సహా ఫొటోలు. రాత్రికి ఇక్కడే పెడతాను, పేర్లు మీరే చెప్పాల.

—

పాత బీటు:

పెట్టు బాబూ. చెట్టు పక్కన ఏదన్నా స్కేలో పెన్నో పెట్టి తియ్యి, ఆకు సైజు తెలియకపోతే మేమూ చెప్పలేం.